మునిగిన ఓడల కథ రాయబోయే మనవరాలికి

కాకినాడ

చి. బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. ఎత్తెత్తు అలలు, ఫెళఫెళా విరిగిపడే తెరకొయ్యలు, కెప్టెన్ చేతిలో ఊగుతున్న లాంతరు. చదవడానికి బావుంది. తీసెయ్. ఆ లాంతరు ఎవరు చూశారమ్మా? 1807లో పోయిన ఆ ఇంగ్లీషు యుద్ధనౌక బ్లెన్‌హైమ్ మీద ఉన్నవాళ్ళలో ఒక్కడు కూడా బతికి ఒడ్డెక్కలేదు. నీ పుస్తకంలో ప్రతి వాక్యాన్నీ ఇదే ప్రశ్న అడుగు: ఈ సంగతి ఎవరు చెప్పారు, ఆ సమయానికి వాళ్ళు ఎక్కడున్నారు? జవాబు దొరకని వాక్యాన్ని మొహమాటం లేకుండా కొట్టెయ్.

అలా కొట్టేస్తే కథే మిగలదని భయపడకు. తుఫానుకు ముందు బోలెడు కథ ఉంటుంది. ఓడ మునిగేది సముద్రంలోనే అయినా, అందుకు కారణాలు చాలాసార్లు ఒడ్డునే తయారై ఉంటాయి. నా ఉద్యోగమంతా డెక్కు మీద గడిచింది కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

బ్లెన్‌హైమ్‌నే చూడు. 1761లో నీళ్ళలోకి దించిన యుద్ధనౌక. మొదట 90 ఫిరంగులది, తర్వాత పై అంతస్తు తీసేసి 74కి తగ్గించారు. 1807 నాటికి అది ముసలి ఓడ. దానికి తోడు మలక్కా జలసంధిలో ఇసుక మేట ఎక్కింది. ఆ దెబ్బకు నడుము దగ్గర పైకి లేచి, ముందూ వెనకా కిందికి వాలిపోయింది. చెక్కల అతుకులు సడలి నీళ్ళు ఊరుతుంటే పంపులు కొడుతూనే ఉండాలి. ఇది సముద్రం దాటే ఓడ కాదని కెప్టెన్ ఆస్టిన్ బిసెల్ హెచ్చరించాడు. అతని పై అధికారి రియర్ అడ్మిరల్ సర్ థామస్ ట్రూబ్రిడ్జ్ వినలేదు.

ఎందుకు వినలేదు? నీ అధ్యాయం అక్కడ మొదలవ్వాలి. ట్రూబ్రిడ్జ్ ఇంగ్లీషు నౌకాధిపతి నెల్సన్‌కు ఆప్తుడు, పేరున్న నావికుడు. తూర్పు సముద్రాల నౌకాదళాన్ని రెండుగా చీల్చి ఒక సగం అతనికి ఇచ్చి పంపించారు. అప్పటిదాకా మొత్తం ఏలుతున్న ఎడ్వర్డ్ పెల్యూకి అది మింగుడుపడలేదు. ఇద్దరికీ క్షణం పడలేదు. చివరికి లండన్‌లో పెద్దలు దళాన్ని మళ్ళీ ఒక్కటి చేసి పెల్యూ చేతిలో పెట్టి, ట్రూబ్రిడ్జ్‌ను ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రానికి బదిలీ చేశారు. అంత జరిగాక మద్రాసులో, పెల్యూ ఏలుబడిలో, ఓడ బాగయ్యేదాకా కూర్చోవడం ఆ మనిషి వల్ల అయ్యే పని కాదని నా అభిప్రాయం. ఇది నా ఊహ. నువ్వూ ఊహించు, తప్పులేదు, కాకపోతే అది ఊహేనని పాఠకుడికి తెలిసేలా రాయి.

1807 జనవరి 12న బ్లెన్‌హైమ్ మద్రాసు వదిలింది. వెంట డచ్చి వాళ్ళ దగ్గర పట్టుకున్న జావా అనే ఫ్రిగేటు (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక), హారియర్ అనే చిన్న యుద్ధనౌక. ఫిబ్రవరి మొదట్లో మడగాస్కర్ వైపు సముద్రంలో తుఫాను పట్టుకుంది. పెద్దవి రెండూ కనబడకుండా పోయాయి, చిన్నది బతికి బయటపడింది. మనకు తెలిసిందంతా హారియర్ వాళ్ళు చూసిందే. కాబట్టి నీ కథ కూడా హారియర్ డెక్కు మీద నిలబడాలి. ఆ ఓడ చూపు అందినంతవరకే నువ్వు చెప్పగలవు, ఆ తర్వాత మౌనమే. ట్రూబ్రిడ్జ్ కొడుకు ఎడ్వర్డ్ గ్రేహౌండ్ అనే ఫ్రిగేటుకు కెప్టెన్. తండ్రిని వెతకడానికి వెళ్ళి ద్వీపాలన్నీ గాలించాడు. అటు ఫ్రెంచి వాళ్ళతో యుద్ధం జరుగుతోంది, అయినా ఈ వెతుకులాటలో వాళ్ళు సాయపడ్డారు. ఏమీ దొరకలేదు. నీ లాంతరు కంటే ఇది ఎంత పెద్ద సన్నివేశమో చూడు. పైగా ఇది నిజంగా జరిగింది.

ఇక రుతువు సంగతి, ఇది నీ రాతలో అసలు లేదు. ఆ రోజుల్లో మద్రాసుకు గోడలున్న హార్బరు లేదు. ఓడలు దూరంగా, పెద్ద సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకైనా మనిషైనా కొబ్బరి పీచుతో కుట్టిన మసూలా పడవల్లో అలల మీదుగా రావాల్సిందే. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా కోట మీద జెండా దించేసేవారు. ఇక్కడ లంగరు వెయ్యొద్దని దాని అర్థం. (జెండా చూసి తుఫానులు రావు. 1811 మే నెలలో వచ్చిన తుఫాను డోవర్ అనే ఫ్రిగేటునూ చిచెస్టర్ అనే సరుకు నౌకనూ మద్రాసు ముంగిట్లోనే బద్దలు కొట్టింది.) ఈశాన్య గాలి చల్లబడ్డాక జనవరి, ఫిబ్రవరిలో బయల్దేరడం ఇక్కడివాళ్ళకు క్షేమం. కానీ భూమధ్యరేఖ దాటేసరికి అక్కడ సరిగ్గా తుఫానుల కాలం నడుస్తూ ఉంటుంది. మద్రాసు క్యాలెండరు ప్రకారం మంచి ముహూర్తం, మారిషస్ క్యాలెండరు ప్రకారం చెడ్డది. ఈ ఒక్క సంగతి పెట్టుకుంటే నీ పుస్తకంలో ఓడలు చాలావరకు అర్థమవుతాయి.

1809 చూడు. ఫిబ్రవరి మధ్యలో సింహళంలోని గాలే రేవు నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడలు గుంపుగా ఇంగ్లండుకు బయల్దేరాయి. కాపలాగా కలడెన్ యుద్ధనౌక, అందులో పదవి ముగించుకుని ఇంటికెళుతున్న పెల్యూ. ఫ్రెంచి వాళ్ళతో జరిగిన నైలు యుద్ధంనాడు ఆ కలడెన్‌కు కెప్టెన్ ఎవరనుకున్నావు? ట్రూబ్రిడ్జే. మార్చి నెల నడిమికి మారిషస్ దగ్గర్లో తుఫాను తాకింది. అప్పుడు ఆ దీవి ఫ్రెంచి వాళ్ళది. తలదాచుకుందామన్నా శత్రువు రేవే. కలకత్తా, బెంగాల్, జేన్ డచెస్ ఆఫ్ గోర్డన్, లేడీ జేన్ డండాస్ అనే నాలుగు ఓడలు మనుషులతో సహా పోయాయి. పెల్యూ బతికాడు.

లేడీ జేన్ డండాస్‌లో మద్రాసు సైన్యాధిపతి హే మెక్‌డవల్ ఉన్నాడు. గవర్నర్ జార్జ్ బార్లోతో గొడవపడి, పోతూ పోతూ ఒక ఘాటైన ఉత్తర్వు వదిలి ఓడెక్కాడు. ఆ నిప్పు ఇక్కడ అంటుకుని, వేసవిలో మన మచిలీపట్నం దాకా వచ్చి, అక్కడి తెల్ల అధికారులు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. అప్పటికే దాని కర్త సముద్రంలో కలిసిపోయి నెలలు దాటింది. మచిలీపట్నం అధ్యాయం ఒకటి రాయి. తెలుగు పాఠకుడికి ఈ ఓడల సంగతి ఎందుకని ఎవరూ అడగరు.

ఇప్పుడు కాగితాల గురించి. ఇక్కడే జనం బోర్లాపడతారు కాబట్టి నెమ్మదిగా చదువు.

లండన్‌లో ఓడల వార్తలు అచ్చేసే లాయిడ్స్ లిస్ట్ పాత సంచికలు స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. అప్పట్లో వారానికి రెండుసార్లు వచ్చేది. అందులో పైన ఉన్న తేదీ వార్త లండన్‌లో అచ్చయిన తేదీ, ఓడ మునిగిన తేదీ కాదు. ఇక్కడి నుంచి కబురు చేరడానికి అయిదారు నెలలు పట్టేది. కనుక 1809 మార్చి నష్టం కోసం మార్చి సంచికలు తిరగేస్తే ఏం దొరుకుతుంది? ఆ ఏడు చివరి దాకా, అవసరమైతే మరుసటి ఏడులోకీ వెళ్ళు. "కనబడలేదు" అని రాసిన ఓడ తర్వాత సంచికలో "క్షేమంగా చేరింది" అని తేలడమూ మామూలే.

పేర్లు చూసి మోసపోకు. 1809 మార్చిలో కలకత్తా పోయిందన్నానా? ఏప్రిల్లో మరో కలకత్తా ఫ్రాన్సు తీరంలో, బాస్క్ రోడ్స్ యుద్ధంలో తగలబడింది. అది ఒకప్పుడు వార్లీ అనే కంపెనీ ఓడ. ఇంగ్లీషు నౌకాదళం కొని పేరు మార్చింది, ఫ్రెంచి వాళ్ళు పట్టుకున్నారు, చివరికి అలా కాలింది. ఒకే పేరు, పక్కపక్క నెలలు. కెప్టెన్ పేరు, ఎన్ని టన్నుల ఓడ, బయల్దేరిన రేవు, ఈ మూడూ కలిస్తేనే అది నీ ఓడ.

తేదీ తకరారు ఇంకోటుంది. పాత లాగ్‌బుక్కుల్లో (ఓడ రోజువారీ లెక్క రాసే పుస్తకాలు) రోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదలయ్యేది, అదీ మన లెక్క కంటే పన్నెండు గంటలు ముందు. లాగ్‌లో "14, సాయంత్రం" అని ఉంటే ఒడ్డున ఉన్నవాడికి అది 13వ తేదీ సాయంత్రం. ఇంగ్లీషు యుద్ధనౌకలకు ఈ పద్ధతి 1805లో మాన్పించారు. కంపెనీ ఓడలు 1820ల దాకా పట్టుకుని వేలాడాయి. అంటే 1809లో ఒకే తుఫానులో ఉన్న కలడెన్ ఒక తేదీ, దాని పక్కనున్న కంపెనీ ఓడ ఇంకో తేదీ రాసుకుని ఉండొచ్చు. ఇద్దరిలో ఎవరో అబద్ధమాడారని రాసేవు! గాలి వేగం కూడా అంతే. "స్ట్రాంగ్ గేల్" (బలమైన ఈదురుగాలి) అని కనిపించగానే కిలోమీటర్లలోకి మార్చెయ్యకు. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ కొలత నౌకాదళమంతటా అమల్లోకి వచ్చింది 1838లో. అంతకుముందు రాసింది ఆ డ్యూటీ ఆఫీసరు అనుభవమే.

కంపెనీ ఓడల లాగ్‌బుక్కులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో, యుద్ధనౌకలవి కియూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ ఏడీఎం 51 అనే వరుస కెప్టెన్లది, ఏడీఎం 52 సెయిలింగ్ మాస్టర్లది, అంటే ఓడ దారి చూసే అధికారులది. రెండూ అడుగు, తేడాలు అక్కడే పట్టుబడతాయి. ఓడ పోగొట్టుకున్న కెప్టెన్ బతికుంటే కోర్టు మార్షల్ (సైనిక విచారణ) తప్పదు, ఆ వాంగ్మూలాలు ఏడీఎం 1లో వెతుకు. కానీ వాటిని గుడ్డిగా నమ్మకు, ఉద్యోగం కాపాడుకునే మనిషి మాటలవి. బతికినవాడు రాసుకున్న పుస్తకమూ అంతే. 1816లో ఫ్రెంచి మెడూజా, ఇరవై ఏళ్ళకు పైగా సముద్రం మొహం చూడని కెప్టెన్ చేతిలో, తుఫాను లేకుండానే ఆఫ్రికా తీరపు ఇసుక మేట ఎక్కింది. 147 మందిని తెప్ప మీదకు ఎక్కిస్తే 15 మంది మిగిలారు. దాని కథ లోకానికి చెప్పిన ఇద్దరూ ఆ తెప్ప మీదివాళ్ళే. అక్కడ జరిగిన చంపుకోవడాల్లో తమ పాత్ర గురించి వాళ్ళు ఎలా రాసుకుని ఉంటారో నువ్వే ఆలోచించు.

మనవాళ్ళ సంగతి. ఆసియా కలాసీలకు చాలా జాబితాల్లో పేరుండదు, "లస్కర్లు ఇంతమంది" అని అంకె మాత్రమే. ఆ అంకెను వదిలెయ్యకు. మృతుల లెక్కలో ముందు వాళ్ళను కలుపు, తర్వాత జనరల్ గారి సంగతి చూద్దాం. 1822లో టెక్ సింగ్ అనే చైనా ఓడ సుమత్రా దగ్గరి గాస్పర్ జలసంధిలో దిబ్బకు కొట్టుకుని పదిహేను వందల మందికి పైనే పోయారు. ఇండియానా అనే ఇంగ్లీషు ఓడ అటు వచ్చి సుమారు 190 మందిని నీళ్ళలోంచి తీసింది. 1999లో లోపలి పింగాణీ, దగ్గర దగ్గర మూడున్నర లక్షల వస్తువులు, పైకి తీసి వేలం వేశాక గానీ ప్రపంచానికి ఆ పేరే పట్టలేదు. పోయినవాళ్ళ కంటే పళ్ళేలకు ఎక్కువ పలుకుబడి! నీ పుస్తకంలో నిధులూ పెట్టెలూ ఎంత తక్కువుంటే అంత మంచిది.

మన కాకినాడ పక్కనున్న పాత రేవు కోరంగి అధ్యాయం పెట్టు, పెట్టకపోతే నేనే ఊరుకోను. కానీ 1839 నవంబరు ఉప్పెనలో 3 లక్షల మంది పోయారని, 20 వేల పడవలు నాశనమయ్యాయని ఇంటర్నెట్టంతా రాసి ఉంది. ఆ అంకె మొదట ఎవరు, ఏ ఏడు రాశారో పట్టుకునేదాకా దాన్ని ముట్టుకోకు. ఆ మడ అడవుల పక్క ఏట్లో ఇరవై వేల పడవలు ఎక్కడ పడతాయే? 1789లోనూ కోరంగిని ఉప్పెన ముంచింది, చాలామంది రెంటినీ కలిపేస్తున్నారు. కలకత్తాలో నౌకా ప్రమాదాల విచారణ కోర్టుకు అధ్యక్షత వహించిన హెన్రీ పిడింగ్టన్, 1839 తుఫానును ఓడల లాగ్‌బుక్కులతో పరిశీలించాడు. ముందు ఆయన్ని చదువు.

ఆయన కంటే ముందు విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు 1838లో చేసిన పని నువ్వు కూడా చేసి చూడాలి. 1809 తుఫానులో బతికిన ఓడల లాగ్‌బుక్కులు ముందేసుకుని, ఏ రోజు ఏ ఓడకు గాలి ఎటునుంచి కొట్టిందో పటం మీద గుర్తులు పెట్టాడు. గాలి సుడి తిరుగుతోందని, ఆ సుడే కదులుతూ పోతోందని ఆ గుర్తుల్లో కనిపించింది. నువ్వు పెద్ద గళ్ళ కాగితం తెచ్చుకో. ఒక్కో ఓడకు ఒక్కో రంగు. మధ్యాహ్నం స్థానం, గాలి దిక్కు, ఏ తెరచాపలు దించారు, అంతే రాయి. మార్చి మొదటి తారీఖు నుంచి నెలాఖరు దాకా చాలు. పోయిన నాలుగింటినీ ఇతర ఓడలవాళ్ళు చివరిసారి చూసిన చోట్లు కూడా పెట్టు. మొదటి అధ్యాయం తిరగరాసేది అది పూర్తయ్యాకే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం చుట్టి పట్టుకురా, మడతలు పెట్టకు. నా దగ్గర హిందూ మహాసముద్రం చార్టు ఉంది, దాని మీదకు ఎక్కిద్దాం. హారియర్ లాగ్‌బుక్కు నకలుకు కియూ వాళ్ళు డబ్బు తీసుకుంటారు. ఆర్డరు పెట్టేముందు ధర ఎంతో కనుక్కుని మీ నాన్నకు కాకుండా నాకు చెప్పు.

ఆశీస్సులతో,
తాతయ్య