హైదరాబాద్ టు డాలస్: కిలోమీటర్లెన్ని, అసలు గంటలెన్ని?

ప్రశ్న: అమ్మాయి డెలివరీకని జనవరిలో నేనూ మావారూ డాలస్ వెళ్తున్నాం, ఫ్లైట్ ఎక్కడం ఇదే మొదటిసారి. అల్లుడు దుబాయ్ మీదుగా టికెట్లు తీశాడు. పొద్దున 10కి హైదరాబాద్‌లో ఎక్కితే అదే రోజు రాత్రి 9కి డాలస్ అని ఉంది, అంటే 11 గంటలేనా? మేలో తిరుగు ప్రయాణం మాత్రం మధ్యాహ్నం 12కి ఎక్కితే మర్నాడు రాత్రి ఏడున్నరకి హైదరాబాద్ అని ఉంది. దూరం ఒకటే కదండీ, ఇంత తేడా ఏంటి?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: 11 గంటలు కాదమ్మా, ఇరవై రెండున్నర. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. జనవరిలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది, కాబట్టి మీరు అక్కడ రాత్రి 9కి దిగేసరికి తెనాలిలో మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. మార్చిలో వాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుతారు, అప్పుడు తేడా పదిన్నర గంటలే, ఆ లెక్కన మే ప్రయాణం 21 గంటలకే అయిపోతుంది. అంటే ఎక్కువనిపించిందే నిజానికి తక్కువ!

దూరం సంగతి చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. హైదరాబాద్ నుంచి డాలస్‌కి తిన్నగా గీత గీస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు, గోడ మీది మ్యాప్‌లో అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోయేలా కనిపిస్తుంది గానీ గ్లోబు తీసుకుని రెండు ఊళ్ళ మధ్య దారం లాగి పట్టుకోండి, సరిగ్గా ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి అలాగే ధ్రువం మీదుగా విమానాన్ని నాన్‌స్టాప్ తెచ్చారు, ఎంత గర్వంగా అనిపించిందో. మీ దుబాయ్ రూటు మొత్తం 15,500 దాకా వస్తుంది, అంటే చుట్టు తిరిగేది వెయ్యి కిలోమీటర్లే, అంతకోసం బాధపడక్కర్లేదు.

మరి వెళ్ళేటప్పుడు గంటన్నర ఎందుకు ఎక్కువంటే గాలి. విమానాలు తిరిగే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని బలమైన గాలులుంటాయి, చలికాలంలో మరీ జోరు. అందుకే దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు పట్టే ఫ్లైటు తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి పద్నాలుగున్నరలో వచ్చేస్తుంది. రూటు కూడా రోజూ ఒకటే ఉండదు, గాలిని బట్టి, ఏ దేశం తన ఆకాశం మూసిందో దాన్ని బట్టి మారుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన విమానాలు చుట్టు తిరిగే వెళ్ళాల్సొచ్చింది.

అల్లుడుగారు మంచి టికెట్ తీశారు. మధ్యలో న్యూయార్కో చికాగోనో ఉంటే సాధారణంగా ఇమిగ్రేషన్ (అమెరికాలోకి రానిచ్చే ముందు పాస్‌పోర్టు, వీసా తనిఖీ) అక్కడే అవుతుంది, పెట్టెలు తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకి అది పెద్ద తలనొప్పి. మీకు ఇమిగ్రేషన్ డాలస్‌లోనే. హైదరాబాద్‌లో చెకిన్ అప్పుడు పెట్టెల ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ (DFW, డాలస్ విమానాశ్రయం కోడ్) అని ఉందో లేదో చూసుకోండి, దుబాయ్‌లో గేట్లు చాలా దూరం కాబట్టి మోకాళ్ళ నొప్పులుంటే వీల్‌చైర్ ఇప్పుడే పెట్టించండి, మొహమాటపడొద్దు. బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే ఉంచుకోండి, దార్లో ఏ టైముకి వేసుకోవాలో మీ డాక్టర్‌ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.