మొదటిసారి బాతుల వేటకి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

శనివారం సాయంత్రం ఇంగ్లండ్ తూర్పున ఉన్న వాష్ అఖాతం తీరానికి, నార్ఫోక్ కౌంటీ వైపు, బాతుల వేటకి వెళ్తున్నానని, కుక్కని కూడా తీసుకెళ్తున్నానని రాశావు. నీ ప్రశ్నలు దాదాపు అన్నీ తుపాకి గురించే. ఆ సంగతి త్వరగా తేల్చేస్తాను. మిగతా ఉత్తరమంతా నీ లాబ్రడార్ గురించి, నీళ్ల గురించి. చలికాలం చీకట్లో, బురదలో, నువ్వు కొట్టిన పిట్టని నువ్వు తెచ్చుకోలేవు. కుక్కే తేవాలి. అది వెళ్లి తేలేని చోట పడే పిట్ట మీదకి తుపాకి ఎత్తకు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

షాట్‌గన్ సర్టిఫికెట్, వేట క్లబ్ పర్మిట్ దగ్గర ఉంచుకో. ఇంగ్లండ్‌లో 1999 నుంచి బాతుల మీద సీసపు గుళ్లు వాడకూడదు, కాబట్టి స్టీల్ కార్ట్రిడ్జ్‌లు కొను. స్టీల్ సీసం కన్నా తేలిక, దూరం పోయేకొద్దీ దెబ్బలో పస తగ్గిపోతుంది. అందుకే సీసంలో అయిదో నంబరు గుండు వాడేవాళ్లు స్టీల్‌లో మూడో నంబరుకి మారారు, నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది. ఎంత ఖరీదైనది కొన్నా 35 గజాలు దాటిన బాతు నీది కాదు. ఆ దూరం చీకట్లో తెలియదు. వెలుతురుండగానే అడుగులతో కొలిచి అక్కడో కర్ర గుచ్చు. బురదలో పోటు నీరు పారే పాయ దాటేటప్పుడు తుపాకి ఖాళీగా ఉండాలి. దాటాక గొట్టంలోంచి ఆకాశం వైపు ఒకసారి చూడు. లోపల బురద ముద్ద ఇరుక్కుంటే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలేది గొట్టమే. కొత్త జాకెట్ ఫోటో పంపావు. బాగుంది కానీ బాతులకి నీ జాకెట్ పట్టదు, పైకెత్తిన నీ ముఖమే వాటికి కనిపించేది. తల వంచుకుని కూర్చో.

శనివారం ఎంచుకోవడం మంచిదైంది. నార్ఫోక్‌లో ఆదివారం బాతుల వేట నిషేధం. సముద్రపు గట్టు లోపలి పొలాల్లో జనవరి 31తో సీజన్ అయిపోతుంది. పోటు నీరు తాకే తీరంలో మాత్రం ఫిబ్రవరి 20 దాకా ఉంటుంది. మధ్యలో రెండు వారాలు వరసగా గడ్డకట్టే చలి పడితే ప్రభుత్వమే వేట ఆపేస్తుంది. తిండి దొరక్క నీరసించిన పిట్టల్ని కొట్టడం వేట కాదు కూడా.

ఇక నీళ్లు. నువ్వు కొల్లేటి గట్టున పెరిగినవాడివి. కొల్లేటి నీరు వానాకాలం పెరుగుతుంది, ఎండాకాలం తగ్గుతుంది, మనకి తెలిసేలోపు వెనక నుంచి రాదు. వాష్‌లో రోజుకి రెండుసార్లు వస్తుంది. నువ్వు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటావు, అది నీ వెనకున్న పాయల్లో నిండుతూ ఉంటుంది. ముందు తడి కనిపించేసరికి వెనక్కి దారి ఉండదు. కాబట్టి పోటు పట్టిక చూడకుండా బయల్దేరకు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు అన్నిటికన్నా ఎత్తుగా వస్తుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే పట్టికలో రాసినదానికన్నా ఎక్కువే వస్తుంది. మొదటిసారి కాబట్టి నీరు తీస్తున్న సాయంత్రమే వెళ్లు, క్లబ్‌లో పాత మనిషితో వెళ్లు. దిక్సూచి పెట్టుకో. పొగమంచు కమ్మితే అక్కడ గట్టు ఎటో సముద్రం ఎటో తెలియదు, ఫోన్ బ్యాటరీ చలికి ఎప్పుడు చస్తుందో చెప్పలేం.

నీరు తీసే సాయంత్రం నీకు మంచిదే కానీ కుక్కకి వేరే ప్రమాదం ఉంది. ఆటు నీటిలో పడిన బాతు సముద్రం వైపు కొట్టుకుపోతుంది. దాని వెంట నీ కుక్కా పోతుంది. లాబ్రడార్‌కి వెనక్కి తిరగాలన్న ఆలోచన రాదు, తేవడం కోసమే పెంచిన జాతి అది. న్యూఫౌండ్‌లాండ్‌లో జాలరులతో పాటు పనిచేసిన కుక్కల సంతతి కదా. అందుకే ఆలోచన నీది కావాలి. పెద్ద పాయకి ఎదురుగా కాకుండా, పిట్ట నీ వెనక గడ్డిలోనో పల్లపు మడుగులోనో పడేలా చోటు చూసుకో. నీటి మీదుగా వచ్చేదాన్ని నీ తల మీదకి రానివ్వు, అప్పుడు కొట్టు. ఈ ఒక్క ఓపికతో సగం టెన్షన్ పోతుంది.

కుక్కని నీ పక్కన, కాస్త వెనగ్గా కూర్చోబెట్టు. గొట్టం దాని చెవుల మీదుగా పోకూడదు. ఒకసారి చెవులు దెబ్బతింటే నీ విజిల్ దానికి వినపడదు, చీకట్లో మీ ఇద్దరికీ మిగిలేది ఆ విజిలే. చేతి సైగలు పార్కులో బాగా నేర్పావని రాశావు. అవి అక్కడ పనికిరావు. ఆగమనే విజిల్‌కి, రమ్మనే విజిల్‌కి అది ఠక్కున మాట వింటేనే తీసుకెళ్లు. లేదంటే ఈ ఏడాదికి ఇంట్లో ఉంచు, పాత మనిషి కుక్క పని చేస్తుంది. తుపాకి పేలగానే దూకే కుక్క, తీరంలో అందరికన్నా ముందు తన ప్రాణానికే ముప్పు.

మెడపట్టీ తీసెయ్, నీళ్లలో వేళ్లకి, తీగలకి చిక్కుకుంటుంది. ఒంటికి అతుక్కునే నియోప్రీన్ కోటు, అంటే రబ్బరు లాంటిది, వెయ్యి. వదులుగా ఉంటే నీరు పట్టి బరువెక్కుతుంది. మంచినీళ్ల సీసా దానికోసం ప్రత్యేకంగా మోసుకెళ్లు. దాహానికి ఉప్పునీరు తాగితే రాత్రంతా వాంతులు, విరేచనాలు. ఒకసారి తెచ్చాక తుండుతో ఒళ్లు తుడిచి, బురదలో కాకుండా ఓ గోనె మీద కూర్చోబెట్టు. అది ఆగకుండా వణుకుతుంటే ఆ సాయంత్రం అయిపోయినట్టే, బాతులు గుంపులుగా వస్తున్నా సరే. చన్నీళ్లలో ఈదాక మర్నాడు తోక చచ్చినట్టు వేలాడితే కంగారుపడకు, అది కండరాల నొప్పి, సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టరుకి చూపించు.

రెండు పిట్టలు పడితే ముందు గాయపడినదాని మీదకి పంపు. చచ్చినది అక్కడే ఉంటుంది, దెబ్బతిన్నది గడ్డిలో దూరిపోతుంది. కుక్క వెతుకుతున్నంతసేపు ఇంకోటి కొట్టకు. ఇది చాలామంది పాటించరు, నువ్వు పాటించు.

జనవరిలో అక్కడ నాలుగు గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. అసలు సందడి ఆ తర్వాత అరగంట, ముప్పావు గంట. పగలంతా నీటి మీద కునికిన బాతులు మేతకి పొలాల వైపు లేస్తాయి. పింక్‌ఫుట్ గూస్‌లనే పెద్ద బాతులది దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. పగలు బీట్ దుంపల పొలాల్లో మేసి, చీకటి పడ్డాక బురద మేటల మీద పడుకోవడానికి వస్తాయి. పడమటి ఆకాశంలో వెలుగు ఆఖరుదాకా నిలుస్తుంది కాబట్టి అటు తిరిగి కూర్చో, నీడలు కనబడతాయి. గాలి ఈడ్చి కొడుతుంటే కిందుగా వస్తాయి. గాలి లేని ప్రశాంతమైన సాయంత్రం అందనంత ఎత్తులో పోతాయి.

కంటికన్నా చెవిని నమ్ము. సన్నగా సాగే ఈల వినిపిస్తే అది విజియన్ అనే బాతుల్లో మగది. బ్రెంట్ గూస్‌లు, షెల్డక్‌లు కూడా అక్కడ బోలెడు, వాటిని కొట్టకూడదు, చట్టం ఒప్పుకోదు. ఏదో తేలకపోతే పోనివ్వు. మన కొల్లేటికి చలికాలం వచ్చే సూదితోక బాతు ఇక్కడికీ వస్తుంది. ఇక్కడ దాన్ని కొట్టవచ్చు, మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ సరదాని సెలవులకి ఊరు తీసుకెళ్లకు, అక్కడి బంధువులు ఎంత ఉత్సాహపెట్టినా.

ఇంటికి తెచ్చింది తినాలి. గూస్ మాంసం అమ్మడం ఇక్కడ నేరం, పంచుకోవచ్చు. అడవి బాతుకి కొవ్వు తక్కువ, వేపుడు చేస్తే చెప్పుతోలే. మీ అత్తయ్య రొమ్ము ముక్కలు చిన్నగా కోసి, వేళ్లతో తడిమి గుళ్లన్నీ ఏరేసి, చింతపండు పులుసులో సన్నని సెగ మీద ఉడికిస్తుంది. స్టీల్ గుండు పంటి కింద పడితే పన్ను విరుగుతుంది, ఏరడం మాత్రం నువ్వే చెయ్యి.

బయల్దేరేముందు కారు ఎక్కడ ఆపుతావో, ఏ గట్టు మీదుగా దిగుతావో, ఎన్ని గంటలకి తిరిగొస్తావో కాగితం మీద రాసి మీ ఆవిడకి ఇవ్వు. ఆ టైము దాటి గంటైనా నీ ఫోన్ రాకపోతే 999కి చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగమని చెప్పు. నాకు తర్వాత చేసినా ఫర్వాలేదు.

మీ మామయ్య