చీర్‌లీడింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఏడో గ్రేడ్ నుంచి చీర్‌లీడింగ్ చేస్తోంది, ఇప్పుడు పదకొండో గ్రేడ్. స్కూల్ టీమ్‌లో బ్యాక్‌స్పాట్. ఫుట్‌బాల్ సీజన్‌లో వారానికి 14 గంటలు దానికే పోతున్నాయి. ఫిజికల్ థెరపీ చదువుతానంటోంది. మా అత్తగారేమో ‘ఈ గంతులెందుకు’ అంటున్నారు. కాలేజీ సీటుకు ఇది పనికొస్తుందా? మాన్పించి కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీ పరీక్షకు కూర్చోబెట్టాలా?

జవాబు: స్కాలర్‌షిప్ వస్తుందనే లెక్క ఏమన్నా ఉంటే ముందు అది తీసేయండి. అమెరికాలో కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ చీర్‌లీడింగ్‌ను క్రీడగా గుర్తించదు. 2010లో క్విన్నిపియాక్ యూనివర్సిటీ కేసులో ఫెడరల్ కోర్టు కూడా అక్కడి పోటీ చీర్ టీమ్‌ను టైటిల్ నైన్ (చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదనే చట్టం) కింద క్రీడగా లెక్కేయడానికి ఒప్పుకోలేదు. చీర్‌లోంచే పుట్టిన ‘స్టంట్’, ‘ఎక్రోబాటిక్స్ అండ్ టంబ్లింగ్’ అనే పోటీ ఆటలు మాత్రం వేరు. వేకోలోని బేలర్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఎక్రోబాటిక్స్ టీమ్‌కు కోచ్‌లే వచ్చి పిల్లల్ని ఎంచుకుంటారు, కానీ వాళ్లు చూసేది గట్టి టంబ్లింగ్, అంటే పల్టీలు. మ్యాచ్‌ల్లో మైదానం పక్కన నిలబడే మామూలు సైడ్‌లైన్ టీమ్‌లకు చాలాచోట్ల సీటు ముందు, ట్రైఅవుట్ (ఎంపిక పరీక్ష) తర్వాత.

అయితే మీ అమ్మాయి చేసే పని గంతులు కాదు. బ్యాక్‌స్పాట్ అంటే, కింద నుంచి మనిషిని ఎత్తే ఇద్దరు బేస్‌ల వెనక నిలబడి కౌంట్ పిలిచే మనిషి. వాళ్లు పైకెత్తిన ఫ్లయర్ మీద నుంచి కళ్లు తీయకూడదు. బేస్‌లిద్దరి డిప్ (ఎత్తే ముందు మోకాళ్లు వంచడం) ఒక్క కౌంట్‌లో పడకపోయినా, ఫ్లయర్ నడుం వదులు చేసినా స్టంట్, అంటే ఆ ఎత్తు, కూలుతుంది. అప్పుడు భయంతో అడుగు వెనక్కి వేసే పిల్లలే ఎక్కువ. బ్యాక్‌స్పాట్ మాత్రం ముందుకు జరిగి ఫ్లయర్ తల, మెడ నేలకు తగలకుండా కాయాలి. బరువు ఎటు ఒరుగుతోందో పసిగట్టడం, తప్పును ఒక్క మాటలో సరిచేయడం ఏళ్ల సాధనతో వచ్చేవి. ఫిజికల్ థెరపీలో రోగిని లేపి నడిపించేటప్పుడు కావలసిందీ అదే.

దీన్ని కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఆన్‌లైన్ దరఖాస్తు) ఎలా రాస్తారన్నది అసలు సంగతి. ఒక్కో యాక్టివిటీ వివరణకు 150 అక్షరాలే. ‘టీమ్‌వర్క్, లీడర్‌షిప్ నేర్చుకున్నాను’ అని రాస్తే ఆ చోటు దండగ. ‘నలుగురి స్టంట్ గ్రూపుకు బ్యాక్‌స్పాట్, కౌంట్ పిలుస్తాను, కొత్త బేస్‌లకు క్యాచింగ్ నేర్పాను’ అంటే కళ్లకు కడుతుంది. నేర్పి ఉంటేనే సుమా. గంటలు కూడా నిజాయితీగా వేయండి: సీజన్‌లో 16 వారాలు 14 గంటల చొప్పున 224, తర్వాత 20 వారాలు 8 చొప్పున 160, మొత్తం 384. అంటే 36 వారాలు, వారానికి సుమారు 11 గంటలు. ఏడాది పొడవునా 14 అని రాస్తే 728 అవుతుంది. చదివేవాళ్లకు అనుమానం రాదా? ఇక 650 పదాల వ్యాసాన్ని ట్రోఫీ గెలిచిన రోజు మీద రాయనివ్వకండి, అలాంటివి కుప్పలుగా వస్తాయి.

ఫిజికల్ థెరపీకి బ్యాచిలర్స్ తర్వాత సాధారణంగా మూడేళ్ల డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ). బ్యాచిలర్స్‌లో కినిసియాలజీయే (శరీర కదలికల శాస్త్రం) తీసుకోవాలని లేదు; బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబ్‌లతో సహా, అనాటమీ-ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ ఉండాలి. చాలా ప్రోగ్రాములు క్లినిక్‌లో గడిపిన అబ్జర్వేషన్ గంటలూ అడుగుతాయి. చీర్ ఎన్నేళ్లు చేసినా ఆ గంటలకు బదులు కాదు. సీజన్ అయ్యాక ఆటగాళ్ల గాయాలు చూసే స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్ దగ్గర విద్యార్థి సహాయకురాలిగా చేరే వీలుందేమో అడగమనండి. రోజంతా చీలమండలకు టేపు చుట్టే పని నచ్చకపోతే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మేలు.

నడి సీజన్‌లో మాన్పించకండి. నలుగురిలో ఒకరు పోతే ఆ గ్రూపే ఆగిపోతుంది. బయట ఆల్‌స్టార్ జిమ్‌కు (పోటీ చీర్ నేర్పే ప్రైవేటు క్లబ్) కూడా వెళ్తుంటే ముందు దాన్ని ఆపండి, నెలనెలా ఫీజూ మిగులుతుంది. ఎస్ఏటీ మార్చిలో పెట్టుకుంటే ఫుట్‌బాల్ గొడవ ఉండదు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కకూడదు, డాక్టర్ రాసిచ్చేదాకా ఆగాల్సిందే. వెనక్కి వంగినప్పుడు నడుం నొప్పి వస్తున్నా, మూడు నెలలు నెలసరి రాకపోయినా దాచుకోవద్దని చెప్పండి. తిండి చాలక నెలసరి ఆగితే ఎముకలూ బలహీనపడతాయి.

వచ్చే ఏడాది ట్రైఅవుట్ ఫారం ఎలాగూ వసంతంలో మీ సంతకానికి వస్తుంది. అప్పటికి ఎస్ఏటీ స్కోరు, కెమిస్ట్రీ గ్రేడు, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటోందన్నది మూడూ ముందేసుకుని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చండి.