తెల్లారేసరికి బ్యాటరీలు పడుకుంటున్నాయా? జనరేటర్ అప్పుడే కొనకండి

కరీబియన్‌లోని గ్రెనడీన్స్ దీవుల్లో మీ పడవకు లంగరు వేసిన ప్రతిచోటా తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోతోందని, 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి ఉన్నాయని రాశారు. లెక్క అక్కడే తేలిపోయిందండీ. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, కాబట్టి మీ చేతిలో ఉన్నది 100 ఆంపియర్ అవర్లు మాత్రమే. ఆ వేడికి ఫ్రిజ్ కంప్రెసర్ సగం రోజు తిరుగుతుంది. గంటకు 5 చొప్పున 60 దానికే పోతాయి. ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లకు ఇంకో 30 వేసుకోండి. మీ ప్యానెల్ ఇచ్చేది రోజుకు ముప్పై, బాగా ఎండ కాస్తే ఇంకాస్త.

ముందు ఖర్చు లేని పని: ఫ్రిజ్ మూత కింద కాగితం ముక్క పెట్టి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు మార్చాల్సిందే.

తర్వాత ఇంకో 300 వాట్ల ప్యానెళ్లు, ఎంపీపీటీ కంట్రోలర్‌తో (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టి బ్యాటరీకి పంపే పరికరం). అక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచే కాబట్టి లంగరు మీద పడవ ముక్కు అటే తిరుగుతుంది. అంటే పొద్దున పూట తెరచాప స్తంభం నీడ నేరుగా వెనక్కి పడుతుంది. వెనుక ఫ్రేమ్ మీద నడిమధ్యన ఒకే పెద్ద ప్యానెల్ కాకుండా, రెండు పక్కలా చెరొకటి బిగించండి. సన్నటి నీడ పడినా ఉత్పత్తి దారుణంగా పడిపోతుంది.

లిథియం బ్యాటరీ మంచిదే గానీ, ఇంజిన్ ఆల్టర్నేటర్‌కు (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసేది) సరైన రెగ్యులేటర్ లేకుండా కలిపితే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.