లామినేషన్ మెషిన్ కొనేముందు షీట్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మావారి జీతం నెలకు 34,000 రూపాయలు. నేను సాయంత్రాలు ఇంట్లోనే చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతాను, దాని మీద 6,000 దాకా వస్తుంది. పాపకు ఏడేళ్లు, బాబు ఎల్‌కేజీ. వాళ్లు వేసే బొమ్మలకు, అక్షరాల కార్డులకు, ఎక్కాల చార్టులకు, దసరా బొమ్మల కొలువులో పెట్టే పేరు చీటీలకు జెరాక్స్ షాపులో లామినేషన్ చేయిస్తున్నాను. ఏ4 షీటుకు 25 రూపాయలు తీసుకుంటున్నారు. సొంతంగా మెషిన్ కొనాలనుంది. ఏ4 సైజుది 3,600, ఏ3 సైజుది 8,400 చెప్పారు. వంద ఏ4 పౌచ్‌ల (కాగితాన్ని మధ్యలో పెట్టే ప్లాస్టిక్ కవర్ల) ప్యాకెట్ 450. పెద్ద మెషిన్‌కు ఆరు నెలల వడ్డీ లేని ఈఎంఐ ఉందట. లేదా పాప పేరున సుకన్య సమృద్ధిలో కడుతున్న నెలకు 1,000 రూపాయలు మూడు నెలలు ఆపి చిన్నది కొనమంటారా? చుట్టుపక్కల తల్లులు తమ పిల్లలకూ కార్డులు చేసిపెట్టమని అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: కొనవచ్చు, కానీ ఏ4 మెషినే, అదీ ఇప్పుడే కాదు. సుకన్య డబ్బు ఆపవద్దు. ఈఎంఐ వద్దు.

ముందు లెక్క చూద్దాం. వంద పౌచ్‌లు 450 అంటే ఒక్కోటి నాలుగున్నర. కొత్తలో కొన్ని ముడతపడతాయి, కొన్ని వంకరగా వెళ్లి పాడవుతాయి. వందలో పది పోయాయనుకుంటే మంచి షీటు ఒక్కోటి 5 రూపాయలకు పడుతుంది. కరెంటు ఖర్చు పట్టించుకోనక్కరలేదు. 400 వాట్ల మెషిన్ అరగంట నడిస్తే యూనిట్‌లో అయిదో వంతే. షాపులో ఇచ్చే 25లో నుంచి 5 తీసేస్తే షీటుకు మీకు మిగిలేది 20 రూపాయలు. 3,600 రూపాయలు తిరిగి రావాలంటే 180 షీట్లు చేయాలి. నెలకు ఎనిమిది చొప్పున చేస్తే రెండేళ్లలోపే వచ్చేస్తుంది. నెలకు మూడే అయితే అయిదేళ్లు పడుతుంది, అప్పటికి పాపకు పన్నెండేళ్లు వస్తాయి, అక్షరాల కార్డుల వయసు ఇద్దరికీ దాటిపోతుంది.

అందుకే మెషిన్ ధర కంటే మీరు నెలకు నిజంగా ఎన్ని షీట్లు చేయిస్తున్నారన్నదే నాకు ముఖ్యం. మీ ప్రశ్నలో లేనిది ఆ ఒక్క అంకె. ఈ రోజు నుంచి ప్రతి షీటూ ఒక పుస్తకంలో రాయండి: ఏమిటది, ఎందుకు చేయించారు, నెల తర్వాత ఇంకా వాడుతున్నారా. ఈ మూడో గడి తప్పకుండా నింపండి. బాబు రోజూ చేత్తో పట్టుకునే అక్షరాల కార్డు, ట్యూషన్ పిల్లలందరూ తిప్పే ఎక్కాల చార్టు, ఏటా అట్టపెట్టెలో నుంచి బయటికి తీసే కొలువు చీటీలు, ఇవి లామినేషన్‌కు తగినవి. తోతాపురి, నీలం, మల్గోవ, బేనీషా అంటూ పాప మామిడి రకాల చార్టు వేసి బడి గోడకు రెండు రోజులు అంటిస్తే దానికి అట్ట చాలు. మార్చి మార్చి రాయించే అభ్యాసాలకు స్టేషనరీ షాపులో దొరికే పారదర్శక ఫైలు కవరు మేలు. కాగితాన్ని అందులో దూర్చి, పైన వైట్‌బోర్డు మార్కర్‌తో రాయించి తుడిచేయవచ్చు. రేపు అదే కవరులోకి మరో కాగితం వెళుతుంది. ఒకసారి లామినేట్ చేసిన షీటుకు ఆ వీలు లేదు, పైగా కాగితం, ప్లాస్టిక్ అతుక్కుపోయిన చెత్తను మళ్లీ వాడుకునేలా వేరుచేయడం కష్టం.

ఇంకో సంగతి. మెషిన్ ఇంటికొచ్చాక కూడా కలర్ ప్రింటు కోసం షాపుకు వెళ్లక తప్పదు. ఆ ఖర్చు పైన వేసిన లెక్కలో తగ్గలేదు, తగ్గదు. చాలా ఇళ్లలో లామినేషన్ మెషిన్ వెనకే కలర్ ప్రింటర్, దాని వెనకే సిరా డబ్బాల ఖర్చు వచ్చి చేరతాయి. పిల్లలు స్కెచ్ పెన్నులతో స్వయంగా వేసిన కార్డులతోనే ఏడాది గడపండి. పిల్లలకూ తాము వేసిన కార్డు మీదే ఎక్కువ మమకారం.

ఏ3 గురించి. మీరు రాసిన పనుల్లో పెద్ద చార్టు తప్ప అన్నీ ఏ4లో సరిపోతాయి. అవే ఏ4 షీట్ల మీద 8,400 తిరిగి రావాలంటే 420 షీట్లు కావాలి. ఏడాదికి నాలుగైదు పెద్ద చార్టులు వస్తే అవి షాపులోనే చేయించండి. వడ్డీ లేని ఈఎంఐ అన్నా చేతి నుంచి ఏదో ఒకటి పోతుంది. సాధారణంగా వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ క్రెడిట్ కార్డుదారే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు కూడా వేసే బ్యాంకులున్నాయి. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారో షాపులో అడిగి చూడండి.

సుకన్య సంగతికి వస్తాను, మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది అదే. ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే ఖాతా నిలుస్తుంది కాబట్టి మూడు నెలలు ఆపినా జరిమానా పడదు. నష్టం జరిమానాది కాదు. ఖాతా తెరిచిన 21 ఏళ్లకు గడువు తీరుతుంది. పాపకు మూడేళ్లప్పుడు తెరిచారనుకుంటే ఇంకా 17 ఏళ్లుంది. 8.2 శాతం వడ్డీ అనుకుని లెక్కిస్తే ఈ రోజు కట్టని 3,000, గడువునాటికి దాదాపు 11,400 అయ్యేది. పాప కార్డుల కోసం పాప చదువు డబ్బు ఆపడం నాకు మనసొప్పదు. వీలైతే ఆ 1,000 ప్రతి నెలా 5వ తేదీలోపు ఖాతాలో పడేలా చూసుకోండి. 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్క కడతారు.

మరి డబ్బెక్కడిది? ట్యూషన్ ఆదాయంలో నుంచి నెలకు 600 విడిగా పెట్టండి. ఆరు నెలలకు 3,600 చేతిలో ఉంటుంది, పుస్తకంలో ఆరు నెలల షీట్ల లెక్కా ఉంటుంది. నెలకు సగటున ఏడెనిమిది దాటి, వాటిలో ఎక్కువభాగం ఇంకా వాడుకలో ఉంటే నిశ్చింతగా కొనండి. లేకపోతే ఆ డబ్బును అత్యవసర నిధిలో వేయండి. మెట్ల కింది ఇంటివాళ్లో, తోటి టీచరో సగం పెట్టుకుంటామంటే అదీ మంచి దారే. ఇద్దరి షీట్లూ కలిస్తే 180 త్వరగా పూర్తవుతాయి.

పక్కింటి తల్లుల ఆర్డర్ల మీద ఆశ పెట్టుకుని మాత్రం కొనవద్దు. ముందు షాపులోనే లామినేషన్ చేయించి రెండు సెట్లు అమ్మి చూడండి. ఒక ఏ4 పౌచ్‌లో ఎనిమిది చిన్న కార్డులు పడతాయనుకుందాం. 24 కార్డుల సెట్‌కు మూడు షీట్లు, అంటే షాపులో 75 రూపాయలు, సొంత మెషిన్ మీద 15. ప్రింటు ఖర్చు వేరు. వీటికంటే పెద్ద ఖర్చు మీ సమయం. కార్డులను ముందే కత్తిరించి, మధ్యలో ఖాళీ వదిలి పౌచ్‌లో పేర్చి, మెషిన్ నుంచి వచ్చాక చుట్టూ మూడు మిల్లీమీటర్ల అంచు ఉంచి మళ్లీ కత్తిరించాలి. అంచు వదలకపోతే తడి దూరి పొరలు విడిపోతాయి. మూలలు గుండ్రంగా చేయకపోతే పిల్లల చేతులు గీరుకుంటాయి. ఈ పనికి గంటకు ఇంత అని మీ కూలి వేసుకుని ధర చెప్పండి. ఆ ధరకు కూడా అడిగితేనే అది ఆదాయం. టీవీలో వచ్చే కార్టూన్ బొమ్మలు ముద్రించి అమ్మవద్దు, వాటి హక్కులు వేరేవాళ్లవి.

కొన్నాక డబ్బు వృథా కాకుండా కొన్ని జాగ్రత్తలు. పౌచ్ అతికి ఉన్న అంచునే ముందు లోపలికి పంపాలి. మైనపు క్రేయాన్ బొమ్మలు వేడికి కరిగి అలుక్కుపోతాయి, వాటిని ఫోటో తీసి అసలు బొమ్మను ఫైల్లో దాచండి. వేప, మామిడి ఆకులతో చేసేవాటిని పుస్తకాల కింద నొక్కి పూర్తిగా ఎండనివ్వాలి, పచ్చిగా పెడితే లోపల తేమ ఆవిరై బుడగలు వస్తాయి. లోపలి రోలర్లు నూరు డిగ్రీలు దాటి వేడెక్కుతాయి కాబట్టి పిల్లలు పేర్చాలి, మెషిన్ మీరే నడపాలి.

ఇంట్లో మెషిన్ ఉంది కదా అని పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు, బీమా బాండ్లు మాత్రం లామినేట్ చేయవద్దు. ఒకసారి అతికాక కాగితం చెడకుండా ప్లాస్టిక్ తీయడం దాదాపు అసాధ్యం, దాని మీద రేపు ముద్ర వేయాల్సి వస్తే దారి ఉండదు. మెషిన్ కొన్న బిల్లు మెరిసే థర్మల్ కాగితం మీద ఇస్తే దాన్నీ లామినేట్ చేయకండి, వేడికి మొత్తం నల్లబడుతుంది. ఆ రోజే జెరాక్స్ తీయించి వారంటీ కార్డుకు పిన్ను కొట్టి ఉంచండి.