ఎయిర్ సప్లై ప్రేమగీతాలు ఇంకా ఎందుకు వినిపిస్తున్నాయి?

నలభై ఏళ్లు దాటినా ఆస్ట్రేలియా గాయకద్వయం ఎయిర్ సప్లై ప్రేమగీతాలు శ్రోతలను ఎందుకు వీడలేదన్న ప్రశ్నకు, నా దృష్టిలో మొదటి జవాబు ఆ ఇద్దరి గొంతుల తేడాలోనే ఉంది. 1975లో సిడ్నీలో ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ సంగీత నాటకంలో నటిస్తూ పరిచయమైన వీరిలో, ఇంగ్లండులో పుట్టిన గ్రాహమ్ రసెల్ ప్రధానంగా పాటలు రాస్తాడు, మెల్‌బోర్న్‌వాడైన రసెల్ హిచ్‌కాక్ వాటిని తారస్థాయికి తీసుకెళ్తాడు (ఒకరి ఇంటిపేరే మరొకరి పేరు కావడం కొత్తవారిని తికమక పెడుతుంది). ‘లాస్ట్ ఇన్ లవ్’ పాటలో గ్రాహమ్ రసెల్ దాదాపు మాట్లాడుతున్నట్టు మెల్లగా మొదలుపెడితే, పల్లవి దగ్గర హిచ్‌కాక్ గొంతు పైకి లేస్తుంది; లోలోపల అణచుకున్న మాట ఒక్కసారిగా బయటపడినట్టు అనిపించడానికి కారణం ఆ మార్పే.

రెండవది భాష. 1980లో వచ్చిన ‘ఆల్ అవుట్ ఆఫ్ లవ్’ పల్లవిలో కఠినమైన పదం ఒక్కటీ లేదు కాబట్టి, ఇంగ్లీషు మాతృభాష కాని ఫిలిప్పీన్స్ వంటి దేశాల్లోనూ జనం దాన్ని సులువుగా పాడుకోగలిగారు. విమర్శకులు అతిమాధుర్యమని తీసిపారేసిన ఆ గుణమే, విరహంలో ఉన్నవాడికి మొహమాటం లేకుండా పాడుకునే వీలు కల్పించింది. 1983 నాటి ‘మేకింగ్ లవ్ అవుట్ ఆఫ్ నథింగ్ ఎట్ ఆల్’ మాత్రం అమెరికన్ గీతరచయిత జిమ్ స్టైన్‌మన్ రచన కనుక, అందులోని నాటకీయత వేరు.