స్నేహితుల లాకెట్ నమూనాకి ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకోవాలి?

స్నేహితులు దగ్గరికొస్తే వైబ్రేట్ అయ్యి లైటు వెలిగే లాకెట్ చేశామని, వైజాగ్‌లో కాలేజీ కుర్రాళ్లతో ఫారం నింపిస్తే అందరూ ‘బాగుంది’ అనే రాశారని, ఇప్పుడు ఏం మార్చాలో తెలియడం లేదని అడిగారు.

ఆ ఫారాలు పక్కన పెట్టేయండి. తయారుచేసినవాళ్లే ఎదురుగా నిలబడి అడిగితే ఎవరైనా మొహమాటానికి బాగుందనే అంటారు. ఒంటిమీద వేసుకునే వస్తువు సంగతి ఐదు నిమిషాల్లో తేలదు. రెండో రోజు మధ్యాహ్నం, ఉక్కపోతలో మెడ దురద పెట్టినప్పుడు తేలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మనుషుల్ని విడివిడిగా ఎంచుకోకండి. ఒక్కరే వేసుకుంటే పనికిరాని వస్తువు ఇది. ముందే ఒకరికొకరు తెలిసిన ఐదుగురి జట్లు మూడు చాలు: ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒకటి, మధురవాడ ఐటీ ఉద్యోగులు ఒకటి, గాజువాక వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఒకటి. జట్టులో ఇద్దరు లాకెట్ వేసుకోవడం మానేస్తే మిగతా ముగ్గురికి ఎన్నాళ్లలో ఆసక్తి పోతుందో చూడండి. నా దృష్టిలో మీకు దొరికే అత్యంత విలువైన సమాచారం అదే. అందరూ 18 నిండినవాళ్లే అయ్యుండాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం అంతకన్నా చిన్నవాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

మొదటి రెండు రోజులు ఎలక్ట్రానిక్స్ లేని ఖాళీ డబ్బీ ఇవ్వండి. లోపల మూడు పది రూపాయల బిళ్లలు అంటించండి. ఒక్కోటి దాదాపు 7.7 గ్రాములు కాబట్టి బ్యాటరీ, బోర్డు కలిపి ఉండబోయే బరువుకి దగ్గరగా వస్తుంది. మీది తేలికైతే రెండు చాలు. డబ్బీని పీఎల్‌ఏ అనే 3డీ ప్రింటింగ్ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయకండి. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో పెట్టిన స్కూటీ డిక్కీలో వంకర పోతుంది. వేడికి ఇంకాస్త తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి. నల్లపూసలకి చిక్కుకోవడం, చున్నీ కింద లైటు కనబడకపోవడం, ఐడీ కార్డు తాడుతో మెలిపడటం ఈ రెండు రోజుల్లోనే బయటపడతాయి. ఒక్క చిప్పు కూడా ఖర్చు కాదు.

తర్వాత ఐదు రోజులు పనిచేసేవి ఇవ్వండి. రాత్రి నిమిషం వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు, తెలుగులోనే. ‘నచ్చిందా’ అని అడగొద్దు. ‘ఈరోజు ఎప్పుడు తీశారు, ఎక్కడ పెట్టారు, ఎందుకు?’ అని అడగండి. ఛార్జింగ్ అయిపోయి తీయడం వేరు, విసుగొచ్చి తీయడం వేరు. రెండూ కలిపి రాసుకుంటే బ్యాటరీ తప్పు డిజైన్ మీద పడుతుంది. లాకెట్‌లో యాక్సిలరోమీటర్ (కదలికని పసిగట్టే సెన్సర్) ఉంటే అరగంట కదలిక లేని సమయాల్ని లాగ్ చేయించి వాళ్లు చెప్పినదాంతో పోల్చండి. తేడా వచ్చిన చోట, తప్పు పట్టినట్టు కాకుండా మళ్లీ మాట్లాడండి.

‘పక్కనే ఉన్నా వైబ్రేట్ కాలేదు’ అన్న ఫిర్యాదు తప్పక వస్తుంది. మీ లాకెట్లు బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి గుర్తుపడుతుంటే, ఆ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని ఒంట్లోని నీరు పీల్చేస్తుంది. ఇద్దరూ వీపులు తిప్పి నిలబడితే సిగ్నల్ దారుణంగా పడిపోతుంది. సిగ్నల్ బలం ఒక్క రీడింగుని నమ్మకుండా కొన్ని సెకన్ల సగటు తీసుకోండి. ఖాళీ గదిలో సరిచూసి సరిపెట్టుకోకుండా ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో, జనం మధ్య చూడండి.

ఛార్జింగ్ పిన్నులు ఆకుపచ్చగా మారితే నాసిరకం లోహం అనుకోకండి. పిన్నుల మీద బ్యాటరీ వోల్టేజీ ఉండిపోతే, ఉప్పు చెమట గుండా కరెంటు పారి లోహాన్ని తినేస్తుంది. వోల్టేజీ బయటికి రాకుండా, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ పెట్టండి.

వేసుకోనివాళ్లనీ అడగండి. 2013లో గూగుల్ గ్లాస్‌కి పెద్ద ఇబ్బంది ఎదుటివాళ్ల నుంచే వచ్చింది: కెమెరా నడుస్తోందేమోనన్న అనుమానం. మీదాంట్లో కెమెరా లేకపోయినా, మెడలో లైటు వెలిగితే చూసేవాళ్లకి అదే తోస్తుంది. టీ కొట్టు దగ్గర పక్కనున్నవాళ్లని ‘ఇదేంటనుకున్నారు?’ అని మాత్రం అడిగి, వాళ్ల మాటలు యథాతథంగా రాసుకోండి.

వస్తువు వాడటం ఎంత తేలికో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ చేసిన పది ప్రశ్నల ఎస్‌యూఎస్ స్కోరు చివర్లో తీసుకోవచ్చు, వందకి సగటు 68 అంటారు. అందులో సగం వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి, తెలుగులో చదివి వినిపించకపోతే తికమక పడతారు. పదిహేను మందితో శాతాలు మాత్రం చెప్పకండి.

రెండో విడతలో ఒక్కటే మార్చండి, తాడో, వైబ్రేషనో. పాత జట్టు ఒకటి, కొత్త జట్టు ఒకటి తీసుకోండి. పాతవాళ్లు మార్పుని పట్టుకుంటారు, అలవాటు లేనివాళ్లకి ఎక్కడ అడ్డొస్తుందో కొత్తవాళ్లే చెప్పగలరు.